నరాలాయన, కండలావిడ

మనిషికి ఆలోచన ఎక్కడ పుడుతుందో కనిపెట్టి తీరాలని బయల్దేరినవాణ్ణి నేను. ఎలక వెనక కాలి దగ్గర ఆగిపోయాను.

ఇందులో ఎవరి కుట్రా లేదు. నేను చేరిన ఏడు మా ప్రొఫెసరుగారి ల్యాబులో మెదడు తాలూకు బల్లలన్నీ నిండిపోయి ఉన్నాయి. కిటికీ పక్కన ఒక్క బల్ల ఖాళీగా ఉంది. అది కాలి నరాలది. "ప్రస్తుతానికి ఇక్కడ సర్దుకోవయ్యా, ఖాళీ అవగానే మారుదువుగాని," అన్నారాయన. ఆ ప్రస్తుతం ముప్పై ఏళ్ళు సాగింది.

మా అమ్మ మాత్రం అందరితో "మావాడు మెదడు డాక్టరు" అనే చెప్పుకునేది. చుట్టాలు వచ్చి తలనొప్పులకి మందులడిగేవాళ్ళు. నేను చూసేది మెదడు కాదు, కాలు, అదీ మనిషిది కాదు, ఎలకది అని చెప్తే జాలిగా నా భుజం తట్టి, "పోన్లే నాయనా, మెల్లిగా పైకొస్తావు," అనేవాళ్ళు.

నా పనేమిటో నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. వెన్నులోంచి నరం బయల్దేరి వచ్చి కండని పట్టుకుంటుంది. పట్టుకునే చోటుని మేం కూడలి అంటాం. నరం చెప్తుంది, కండ కదులుతుంది. వయసు మీదపడేకొద్దీ ఈ కూడళ్ళు ఒక్కొక్కటే ఊడిపోతాయి. అందుకే ముసలితనంలో సీసా మూత రాదు, కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించాలి. ఇక్కడిదాకా ఎవరికీ పేచీ లేదు. పేచీ అల్లా, ముందు ఎవరు వదిలేస్తారన్నదే. నరమే ముందు వదిలేస్తుంది, దిక్కులేక కండ చిక్కిపోతుంది అని నేను. కాదు, కండే ముందు చిక్కిపోతుంది, పట్టుకోడానికి ఏమీ మిగలక నరం వెళ్ళిపోతుంది అని ఆవిడ.

ఆవిడంటే ఊరికి అవతలి వైపున్న ఇంకో సంస్థలో సైంటిస్టు. నాకన్నా రెండేళ్ళు పెద్ద. మా రంగంలో వాళ్ళు మా అసలు పేర్లు ఎప్పుడో మర్చిపోయారు. నేను నరాలాయన, ఆవిడ కండలావిడ.

ఆవిణ్ణి మొదటిసారి చూసింది ఒక సదస్సులో. నా ఉపన్యాసం అవగానే ముందు వరసలోంచి ఒక చెయ్యి లేచింది. "మూడో బొమ్మలో ఉన్న ఎలక నిజంగానే ముసలిదా? లేక ఇంతసేపూ మీ మాటలు విని అలా అయిపోయిందా?" హాలు హాలంతా గొల్లుమంది. నేను ఏడాదంతా కూర్చుని దానికి జవాబు తయారు చేసుకున్నాను. మరుసటేడు ఆవిడ మాట్లాడడం అవగానే లేచి, "కండని తూచిన ఆ తక్కెడ ల్యాబుదా, కూరగాయల కొట్టులోంచి తెచ్చారా?" అన్నాను. నవ్వింది నేనొక్కణ్ణే.

అలా మొదలైంది. ఆవిడ పేపరు వెయ్యడం ఆలస్యం, నేను అందులో లొసుగులు పట్టుకుని ఇంకో పేపరు వేసేవాణ్ణి. నాది రాగానే ఆవిడ ఈకకి ఈక, తోకకి తోక పీకేది. ఒకరి తప్పులు ఒకరం పట్టుకోవడంలో మా ఇద్దరికీ సాటి ఎవరూ లేరు. ఎవరి తప్పులు వాళ్ళకి కనపడకపోవడంలో కూడా.

ఇళ్ళ ప్లాన్లు గీసే మా అమ్మాయి ఒక ఆదివారం ఒక అబ్బాయిని ఇంటికి తీసుకొచ్చింది. వంతెనలు కట్టే ఇంజనీరు. నెమ్మదస్తుడు. కుర్చీ అంచు మీద కూర్చుని నా ప్రశ్నలన్నిటికీ ఓపిగ్గా జవాబులు చెప్పాడు. నాకు బాగా నచ్చాడు. అప్పుడు మా అమ్మాయి సంబరంగా, "నాన్నా, వాళ్ళమ్మగారు కూడా సైంటిస్టే. అచ్చం నీలాగే, ముసలి ఎలకలు," అంది.

కుర్చీ ముందుకి లాక్కున్నాను.

"కాలా, చెయ్యా?" అన్నాను.

"కాలేనండీ," అన్నాడు అబ్బాయి.

"నరమా, కండా?"

"కండండీ."

కాఫీ పట్టుకొస్తున్న మా ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయి, "అదేంటి, అలా పాలిపోయారు? షుగరు పడిపోయిందా?" అంది.

పెద్దవాళ్ళం కలుసుకున్న రోజు తలుపు నేనే తీశాను. ఎదురుగా ఆవిడ. ఆవిడకి విషయం ముందే తెలుసనుకుంటాను, తయారై వచ్చింది. "నమస్కారం అన్నయ్యగారూ," అంది. నాకన్నా రెండేళ్ళు పెద్దమనిషి, అందరిముందూ నన్ను అన్నయ్యని చేసి పారేసింది. నేనేం తక్కువ తినలేదు. "రండి రండి అక్కయ్యగారూ," అన్నాను. వయసు మీద పరిశోధన చేసేవాళ్ళకి వయసు మాట ఇంతలా గుచ్చుకుంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

పిల్లల సంగతి మాట్లాడుకోవడానికి కూర్చున్నాం. పావుగంటలో కూడళ్ళలో పడ్డాం. కాగితం మీద నేనో బొమ్మ గీశాను, దాని మీదే ఆవిడ ఇంకో బొమ్మ గీసింది. ఆవిడ భర్త లెక్కల మాస్టారు, మితభాషి. ఆయన మా ఆవిడ వైపు తిరిగి, "మీ ఇంట్లో కూడా ఇంతేనాండీ?" అని అడిగారు.

"ఇంతేనండీ. భోజనాల దగ్గర కూడా ఇదే గోల," అంది మా ఆవిడ.

"అయితే మనం అలా నాలుగడుగులు వేసొద్దామా?"

అప్పట్నుంచీ అది అలవాటైపోయింది. మేం మొదలుపెట్టగానే వాళ్ళిద్దరూ చెప్పులేసుకునేవాళ్ళు. ముసలితనంలో నడక ఎంత మంచిదో మేం కుర్చీల్లో కూర్చుని వాదించుకుంటుంటే, వాళ్ళు నడిచొచ్చేవాళ్ళు.

పెళ్ళికి మా అమ్మాయి ఒకటే షరతు పెట్టింది. "ఆ రోజు నరం అన్న మాట గానీ, కండ అన్న మాట గానీ నా చెవిన పడిందో, ఇద్దర్నీ ఒకే గదిలో పెట్టి తాళం వేయిస్తాను." మేం నోరెత్తలేదు. ఫోటోల్లో చూస్తే మాత్రం ఇద్దరం పంటినొప్పితో ఉన్నవాళ్ళలా ఉన్నాం.

ఆ తర్వాత రెండేళ్ళకి, ఒకరోజు పొద్దున్నే వియ్యపురాలు ఫోను చేసింది. "అన్నయ్యగారూ, చూశారా?" ఆ గొంతులో ఎప్పుడూ ఉండే ఎత్తిపొడుపు లేదు. నాకు భయం వేసింది.

"పిల్లలు బాగానే ఉన్నారా?"

"పిల్లలకేం, బ్రహ్మాండంగా ఉన్నారు. మనకే మూడింది. ఈ వారం పత్రిక తెరవండి."

తెరిచాను. ఎవరో పేరు కూడా వినని అమ్మాయి రాసిన పేపరు. సొంతంగా ల్యాబు పెట్టుకుని ఏడాది అయినట్టుంది. ఆ అమ్మాయి తేల్చింది ఏమిటంటే, ముందు వదిలేసేది నరమూ కాదు, కండా కాదట. కూడలి మీద దుప్పటిలా కప్పుకుని, రెంటినీ కనిపెట్టుకుని ఉండే చిన్న కణాలు కొన్ని ఉంటాయి. ముందు అలిసిపోయేవి అవేనట. అవి తప్పుకున్నాకే నరమూ కండా విడిపోతాయట.

ఆ కణాలు నాకు తెలీనివి కావు. నా ఫోటోలన్నిట్లోనూ మూలకి మసగ్గా కనపడుతూనే ఉండేవి. వాటివల్ల నా నరం అందం పాడవుతోందని మైక్రోస్కోపు కింద గాజుపలకని కాస్త పక్కకి జరిపి ఫోటో తీసేవాణ్ణి. ఆవిడా అంతేనట, కాకపోతే అటుపక్కకి జరిపేదట.

"ఇది అన్యాయం," అన్నాను ఫోనులో.

"అక్రమం," అంది ఆవిడ.

మా జీవితంలో మొదటిసారి ఒక మాట మీద నిలబడ్డాం. ఇద్దరం కూర్చుని పత్రికకి ఘాటుగా ఉత్తరం రాశాం. అభ్యంతరాలు సగం నావి, సగం ఆవిడవి. ఇంత గట్టి ఉత్తరం ఆ పత్రిక పుట్టాక వచ్చి ఉండదని ఒకర్నొకరం మెచ్చుకున్నాం. వారం తిరక్కుండా తిప్పి పంపారు. సంపాదకుడు మర్యాదగానే రాశాడు. "మొదటి సగం అభ్యంతరాలు నిజమైతే రెండో సగం అబద్ధమవుతున్నాయి. రెండో సగం నిజమైతే మొదటివి నిలవడం లేదు. మీరు ముందు ఒక నిర్ణయానికి రాగలరు."

ఇక పౌరుషం పొడుచుకొచ్చింది. ఆ పిల్ల చేసిన ప్రయోగం మనమే మళ్ళీ చేసి, అది తప్పని తేల్చేద్దాం అనుకున్నాం. నాకు రిటైర్మెంటు దగ్గరపడి, నా గది అప్పటికే సగం ఇంకొకరికి ఇచ్చేశారు. అందుకని ఆవిడ ల్యాబులో మొదలుపెట్టాం. మా మీద మాకు నమ్మకం ఎంతంటే, ఏ ఎలక వయసు ఎంతో మాకు తెలీకుండా మాస్టారుగారి దగ్గర దాచిపెట్టించాం. తెలిస్తే నా కంటికి నరాలు ఊడినట్టూ, ఆవిడ కంటికి కండలు చిక్కినట్టూ కనపడతాయని ఇద్దరికీ తెలుసు. పైకి మాత్రం ఎదుటివాళ్ళ కోసమే ఈ జాగ్రత్త అని చెప్పుకున్నాం.

కండని గడ్డకట్టించి, మిషన్లో పెట్టి, ఉల్లిపొరకన్నా పల్చగా కొయ్యాలి. ఆ పొర బ్లేడు మీద ముడుచుకుపోయేలోపు సన్నటి కుంచెతో పట్టుకుని గాజుపలక మీద పరవాలి. ఆ పనిలో ఆవిడ చెయ్యి తిరిగిన మనిషి. అలాంటిది రెండో వారంలో కుంచె జారిపోవడం మొదలైంది. ఒకసారి, రెండుసార్లు. మూడోసారి కుంచె వెళ్ళి మిషను అడుగున పడింది.

"ఏం లేదు. వయసు. కండ తగ్గింది," అంది చేతులు దులుపుకుంటూ.

"చెయ్యి ఇలా చూపించండి," అన్నాను. బొటనవేలి మొదట్లో ఉండే దిమ్మ పల్లంపడి ఉంది. "రాత్రిళ్ళు తిమ్మిర్లొస్తున్నాయా?"

"వస్తే?"

"అయితే కండ కాదు. నరం."

"మీకు చింతకాయ చూపించినా నరమే అంటారు."

పందెం వేసుకుని మరీ ఆస్పత్రికి వెళ్ళాం. నరాల పరీక్ష చేసే డాక్టరు ఆవిడ మణికట్టుకి తీగలు అంటించి, కరెంటు చురకలు పెట్టి, తెర మీద గీతలు చూశాడు. తెర నాకూ కనపడుతోంది. మణికట్టు దగ్గరికి వచ్చేసరికి గీత నత్తనడక నడుస్తోంది.

"మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయిందండీ. అందుకే కండ కూడా తగ్గింది," అన్నాడు డాక్టరు.

"నరమే!" అని అరిచాను. అరవడమే కాదు, లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. "విన్నారా? నరం ముందు! దాని వెనకాల కండ!"

డాక్టరు నన్ను ఎగాదిగా చూసి, "మీరు వీరికి ఏమవుతారండీ?" అని అడిగాడు.

"వియ్యంకుణ్ణి."

"ఓహో," అన్నాడు, అంతా అర్థమైపోయినట్టు.

అప్పుడు చూశాను ఆవిడ వైపు. తీగలు అంటించిన చేతిని రెండో చేత్తో పట్టుకుని కూర్చుని ఉంది. ఎన్నేళ్ళుగానో ఆ చేతిని వేదికల మీద నా వైపు చూపుడువేలుగానే చూశాను తప్ప, దానికి నొప్పి పుడుతుందని నాకెప్పుడూ తట్టలేదు. చతికిలబడ్డాను. ఆవిడే డాక్టరుతో, "పట్టించుకోకండి బాబూ. కూతురి పెళ్ళిలో కూడా ఈయన ఇంతలా నవ్వలేదు. పోన్లే, నా వల్ల ఒక సంతోషం," అంది.

చిన్న ఆపరేషను చేశారు. కొన్నాళ్ళు ఆ చేత్తో పని చెయ్యకూడదన్నారు. ప్రయోగం ఆపేద్దామంటే ఆవిడ ఒప్పుకోలేదు. "చేతులు మీవి, బుర్ర నాది. కానివ్వండి," అంది. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, పక్కన స్టూలు మీద కూర్చుని నన్ను నడిపించేది. నేను కోసిన పొరలు ముడుచుకుపోయేవి, చిరిగిపోయేవి, ఒకటి తుమ్ముకి ఎగిరిపోయింది.

"మెల్లిగా అన్నయ్యగారూ, మెల్లిగా. అది ఎలక కాలు, గడ్డం కాదు, గీకెయ్యడానికి."

"ఇలా పక్కన కూర్చుని సాధిస్తుంటే ఎవరి చెయ్యి కుదురుతుంది అక్కయ్యగారూ?"

"నా శిష్యులందరికీ కుదిరింది."

నిజమే, నాకూ కుదిరింది. మెల్లిగా పొరలు సాపుగా పరుచుకోవడం నేర్చుకున్నాయి. మధ్యాహ్నాలు నల్ల తెరల గదిలో మైక్రోస్కోపు ముందు పక్కపక్కన కూర్చుని ఒక్కొక్క కూడలీ చూసేవాళ్ళం. ఈసారి ఎవరూ ఎటూ జరపలేదు. చీకట్లో, మేం వేసిన రంగుకి ఆ కూడళ్ళు వెలుగుతుంటే ఇద్దరం చాలాసేపు మాట్లాడుకునేవాళ్ళమే కాదు. వాటిని చూడ్డం నాకెంత ఇష్టమో అన్నేళ్ళ పోట్లాటలో మర్చిపోయాను.

లెక్కలన్నీ అయ్యాక మా ఇంట్లో భోజనాల బల్ల చుట్టూ కూర్చున్నాం. మాస్టారుగారు కళ్ళజోడు తుడుచుకుని, ఏ ఎలక వయసు ఎంతో చదవడం మొదలుపెట్టారు. ఆవిడ ఎడమచేత్తో గుర్తులు పెట్టుకుంటోంది. కుర్ర ఎలకలు బాగున్నాయి. ముసలి ఎలకల్లో అన్నీ ఊడిపోయాయి. అసలు సంగతి నడివయసు ఎలకల్లో ఉంది. వాటిలో నరం గట్టిగా ఉంది. కండా గట్టిగానే ఉంది. మీద కప్పుకున్న ఆ చిన్న కణాలు మాత్రం సగానికి సగం పోయాయి.

ఆవిడ పెన్సిలు కింద పెట్టేసింది.

"అంటే?" అంది మా ఆవిడ.

"అంటే ఇద్దరిదీ తప్పేనమ్మా," అన్నారు మాస్టారు, పరీక్ష పేపరు దిద్దినంత మామూలుగా.

మా ఆవిడ నవ్వాపుకోలేక వంటింట్లోకి పరుగెత్తింది. నేను లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయాను. ఎదురింటి వాళ్ళు ఆరేసిన బట్టలు తీసుకుంటున్నారు. ముప్పై ఏళ్ళు. ఒక్క ప్రశ్న. దానికి రెండే జవాబులున్నాయనుకుని అందులో ఒకటి పట్టుకుని వేలాడాను. కళ్ళు చెమర్చాయి. దుమ్ము అనుకుందామంటే గాలి కూడా లేదు.

కాసేపటికి ఆవిడ వచ్చి రెయిలింగు పట్టుకుని నిలబడింది.

"బాధగా ఉందా?"

"ఉంది. మీకు?"

"ఉండదా మరి? కాకపోతే మీరు గెలవలేదు కదా అనుకుంటే కాస్త తెరిపిన పడ్డాను."

"నేనూ దాంతోనే నిలదొక్కుకున్నాను."

ఇద్దరం నవ్వుకున్నాం. లోపల్నుంచి మా అమ్మాయి తల బయటికి పెట్టి, మేం కొట్టుకోవడం లేదని రూఢి చేసుకుని వెళ్ళిపోయింది.

తప్పని తేల్చడానికి చేసిన ప్రయోగాన్ని, ఒప్పని ఒప్పుకుంటూ పేపరుగా రాశాం. రాయడం చిటికెలో అయిపోయింది. పేపరు మీద ముందు ఎవరి పేరు ఉండాలన్న దగ్గర నెలరోజులు కొట్టుకున్నాం. అక్షరాల వరస చూస్తే ఆవిడ ముందు. వయసు చూసినా ఆవిడే ముందు. చేతులు నావి కదా అన్నాను, బుర్ర నాది కదా అంది. ఆఖరికి అల్లుడు విసిగిపోయి నాణెం ఎగరేశాడు. నేను ఓడిపోయాను. మళ్ళీ వెయ్యమన్నాను. మళ్ళీ ఓడిపోయాను.

ఆ ఏటి సదస్సులో ఇద్దరం కలిసి వేదిక ఎక్కితే, మా తగువు చూడ్డానికి అలవాటుపడ్డ జనం హాలు నిండా వచ్చారు. మేం పద్ధతిగా మాట్లాడి దిగేసరికి డబ్బులు దండగైనట్టు ముఖాలు పెట్టారు. బయట కాఫీ దగ్గర ఒక అమ్మాయి వచ్చి నమస్కారం పెట్టింది. జడ ముడిలో పెన్సిలు గుచ్చుకుని ఉంది. ఆ పిల్లే.

"మీ ఇద్దరి పేపర్లూ చదివే నేను ఈ రంగంలోకి వచ్చానండీ," అంది.

నా ఛాతీ ఉబ్బింది. పక్కన ఆవిడ ఛాతీ కూడా ఉబ్బడం ఓరకంట చూశాను. "ఎవరి వాదన నచ్చిందమ్మా?" అన్నాను, మర్యాదగా.

"వాదనలు కాదండీ. మీరు మేడమ్ తప్పులు పట్టుకున్నవీ, మేడమ్ మీ తప్పులు పట్టుకున్నవీ. అన్నీ వరసగా చదివాను. ఒక్కటి కూడా కొట్టెయ్యడానికి వీల్లేదు. మేడమ్ తప్పని మీరు రుజువు చేశారు. మీరు తప్పని మేడమ్ రుజువు చేశారు. ఇద్దరి మాటా నమ్మాను. అయితే ఇంకేదో ఉండాలి కదా అనిపించింది."

చేతిలో కాఫీ కప్పు బల్ల మీద పెట్టేశాను. ఆవిడ తేరుకుని, "చూశారా అన్నయ్యగారూ, మన మాట నమ్మిన మనిషి లోకంలో ఒక్కతి ఉంది," అంది.

రిటైరయ్యాక ఇంట్లో కాలు కాలిన పిల్లిలా తిరుగుతుంటే మా ఆవిడ, "వెళ్ళి ఆ పిల్ల దగ్గరైనా కూర్చోండి," అంది. సిగ్గు విడిచి ఫోను చేశాను. ఆ చిన్న కణాలకి తను ఇప్పుడు వేస్తున్న కొత్త రంగు ఎలా వెయ్యాలో నేర్పిస్తుందా అని అడిగాను. రమ్మంది. వారంలో రెండ్రోజులు వెళ్తున్నాను. వియ్యపురాలికి చెయ్యి నయమైంది. నాకన్నా పెద్దదైనా, వాళ్ళ సంస్థ పొడిగింపు ఇవ్వడంతో ఆవిడకి ఇంకా తన ల్యాబు ఉంది కాబట్టి నన్ను చూసి నవ్వుతోంది.

మొదటి రోజు ఆ పిల్ల చెప్పిందంతా తలూపుతూ విన్నాను. సగం వినకుండానే నాకు తెలుసనుకున్నాను. రంగు ఒక చుక్క వెయ్యమంటే, ముప్పై ఏళ్ళ అనుభవం ఉంది కదా అని, కంటి అంచనాతో పోశాను. మైక్రోస్కోపులో పెట్టి చూస్తే నరం లేదు, కండ లేదు, కణాలు లేవు. ఎలక కాలు మొత్తం పచ్చగా, దీపాల కొట్టులా వెలిగిపోతోంది.

ఆ పిల్ల వచ్చి చూసింది. నవ్వలేదు. పలక తీసి చెత్తబుట్టలో వేసి, ఇంకోటి నా ముందు పెట్టింది.

"పర్లేదు సార్," అంది. "కొత్తలో అందరూ ఇంతే."